తాడుకి ఇవతల

2022 జూన్‌లో అమ్మా నేనూ అమెరికాలో అక్క దగ్గర ఉన్నాం. కనెక్టికట్ రాష్ట్రంలో క్రామ్‌వెల్ అనే ఊళ్ళో ఏటా వేసవిలో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్ అని ఒక గోల్ఫ్ పోటీ జరుగుతుంది. దానికి ఆదివారం టికెట్లు నాలుగు బావకి దొరికాయి. మా నలుగురిలో ఆ ఆట తెలిసిన మనిషి బావ ఒక్కడే. నాకు తెలిసిన గోల్ఫ్ అల్లా గోల్కొండ కోట ఎక్కినప్పుడు నయా ఖిలా వైపు కనబడే పచ్చటి మైదానమే. అయినా వెళ్ళాలనుకోవడానికి ఒక కారణం ఉంది. సాహిత్ తీగల ఆడుతున్నాడు. కాలిఫోర్నియాలో పుట్టిన కుర్రాడు, అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళు. "మన పిలగాడే" అని అమ్మ అప్పటికే ఖాయం చేసేసుకుంది.

శుక్రవారం రాత్రి అక్క ఒక వ్యాసం పట్టుకొచ్చింది. వేసవి గోల్ఫ్ టోర్నమెంటు చూడటానికి వెళ్ళే ఆడవాళ్ళు ఏం వేసుకోవాలి అన్నది విషయం. చదివి, అమ్మ పెట్టె వైపు చూసి, "చీర వద్దమ్మా, అక్కడెవ్వరూ కట్టుకోరు. నా లెగ్గింగ్స్ వేస్కో, మీద పొడుగు టాపు వేసుకుంటే సరిపోతది" అంది. అమ్మ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా మామూలుగా, "గట్లనా. అయితే మీరు వోయి రాండ్రి. నేను ఇంటికాడ్నే ఉంట" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ వ్యాసం నేనూ చదివాను. తర్వాత అలాంటివే మరికొన్ని వెతుక్కుని చదివాను. వృత్తి దోషం. నా పిహెచ్.డి. తొలితరం తెలుగు స్త్రీల పత్రికల మీద. 1883లో వీరేశలింగం గారు మొదలుపెట్టిన 'సతీహిత బోధిని' నుంచి ఆడవాళ్ళకి హితబోధ చేసే గద్యాన్ని అయిదారేళ్ళు చదివినదాన్ని. ఆ గొంతు ఎక్కడ వినబడినా గుర్తుపడతాను. ప్రేమగా ఉంటుంది. మన మంచి కోసమే మాట్లాడుతుంది. "తప్పనిసరి ఏమీ కాదు, కానీ..." అని మొదలుపెడుతుంది.

నిజంగానే తప్పనిసరి కాదు. పెద్ద పోటీల్లో మామూలు టికెట్టు మీద వచ్చే ప్రేక్షకులకి సాధారణంగా డ్రెస్ కోడ్ అంటూ ఉండదు. క్లబ్బులో సభ్యులై ఆడేవాళ్ళకి ఉంటుంది - కాలరున్న చొక్కా వేసుకోవాలి, జీన్స్ కుదరదు, నిక్కరు పొడవు ఇంత ఉండాలి అని. తాడుకి ఇవతల నిలబడి చూసేవాళ్ళకి నిర్వాహకులు చెప్పేది చాలావరకు నడకకి వీలైన చెప్పులు, వాతావరణానికి తగిన బట్టలు అని మాత్రమే. ఎవరూ పెట్టని నియమాన్ని ఈ సలహాలు తయారుచేస్తున్నాయి. అదీ ఆడవాళ్ళకి. మగవాళ్ళ కోసం రాసినవి నాకు దొరికినంతలో చాలా పొట్టివి. టోపీ, పోలో చొక్కా, నిక్కరు, అంతే. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గౌను పొడవు, భుజం పట్టీ వెడల్పు, టోపీ అంచు, ఫోటోలో ఏ రంగు బాగుంటుంది, ఎంత సింగారిస్తే 'మరీ ఎక్కువ' అవుతుంది... ఇలా సాగుతూనే ఉంటాయి.

క్రియాపదాలు చూడండి. ఈ వ్యాసాల నిండా ఉన్నది 'కనబడు' అన్న క్రియ. హుందాగా కనబడు, కష్టపడకుండానే అందంగా కనబడు, ఆటకి గౌరవం ఇస్తున్నట్టు కనబడు. 'చూడు' అనే క్రియ కూడా వస్తుంది, కానీ దానికి కర్త ఆమె కాదు. ఆమెని ఎవరో చూస్తారు. టికెట్టు కొనుక్కుని ఆమె వెళ్ళింది ఏం చూడటానికో ఒక్క వాక్యం కూడా లేదు. బంతి ఎటు వెళ్తుందో, ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో, ఎంత దూరం నడవాలో అసలు లేదు. ప్రేక్షకురాలికి రాసిన వ్యాసంలో ప్రేక్షకురాలి కళ్ళు లేవు. ఇక్కడ లారా మల్వీని తెచ్చి కూర్చోబెట్టడం సులువే. మన సెమినార్లలో ఆవిడకి ఈపాటికే చాలా పని చెప్పాం. ఈసారికి వదిలేద్దాం.

సలహా అనేదే వద్దని నేననడం లేదు. కొలత ఒకటి కావాలంటాను. ఈ బట్ట ఆమెని ఆట చూడనిస్తుందా, లేదా? ఆ కొలతతో చూస్తే చెప్పవలసినవి చాలా ఉన్నాయి. పోటీ జరిగే కోర్సు సుమారు 7,000 గజాలు, అంటే ఆరు కిలోమీటర్ల పైమాటే. ఒక ఆటగాడి వెంట 18 హోల్సూ తిరిగితే, వంపులూ ఎత్తుపల్లాలూ కలిపి ఎనిమిది కిలోమీటర్లకి తగ్గదు. సన్న మడమ చెప్పు గడ్డిలో దిగబడుతుంది. పొద్దున్నే మంచుకి గడ్డి తడిగా ఉంటుంది, మధ్యాహ్నానికి మాడు పగిలే ఎండ. టోపీ అంచు మరీ వెడల్పుగా ఉంటే మీకు నీడే గానీ వెనకాలావిడకి ఆట కనబడదు. భద్రత పేరుతో చాలాచోట్ల అరచేయంత పర్సు, లేదా లోపలున్నది బయటికి కనిపించే సంచి తప్ప రానివ్వరు కాబట్టి జేబు ముఖ్యం. ఆ వ్యాసాలు మెచ్చుకునే గౌన్లలో జేబులెన్నిటికి ఉన్నాయి? జంప్‌సూట్ వేసుకోమన్న వ్యాసకర్త ఎండలో మగ్గిన ప్లాస్టిక్ మరుగుదొడ్డిలోకి జంప్‌సూట్‌తో ఎప్పుడూ వెళ్ళి ఉండదని నా గట్టి నమ్మకం. ఆ విషయంలో చీరే నయం, నేను ప్రమాణం చేసి చెప్పగలను. నెలసరిలో ఉన్నావిడ, పాలిచ్చే తల్లి, మోకాళ్ళు అరిగిన అరవై దాటిన మనిషి, తల మీద బట్ట కప్పుకునే ముస్లిం స్త్రీ - ఈ వ్యాసాల్లోని 'మీరు'లో వీళ్ళెవరూ లేరు. చక్రాల కుర్చీలో వచ్చే స్త్రీ మరీ లేదు.

అయితే ఈ గొంతు ఇవాళ పుట్టింది కాదు. 1890లో ఇంగ్లండులో బాడ్మింటన్ గ్రంథమాలలో వచ్చిన గోల్ఫ్ పుస్తకంలో లార్డ్ వెల్‌వుడ్ అనే పెద్దమనిషి ఆడవాళ్ళు బంతిని డెబ్భై ఎనభై గజాలకి మించి కొట్టకపోవడం మంచిదన్నాడు. వాళ్ళకి అంతకంటే దూరం కొట్టే బలం లేదని కాదట. చేతులు పూర్తిగా ఎత్తి కొట్టే భంగిమ ఆడవాళ్ళ దుస్తుల్లో అంత శోభగా ఉండదట! నేను ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సామర్థ్యాన్ని ఒప్పుకుని, అందం పేరుతో కత్తిరించడం! బట్టలు అడ్డమైతే మార్చవలసింది బట్టల్ని గదా, ఆటని కుదించుకోమన్నాడు. ఆడవాళ్ళు కుదించుకోలేదు. గాలికి లేచే పొడుగు పావడాని మోకాళ్ళ దగ్గర బిగించడానికి ఒక సాగే పట్టీ వాడుకున్నారు. దాని పేరు 'మిస్ హిగ్గిన్స్'. 1933లో ఇంగ్లీషు మహిళల పోటీకి గ్లోరియా మినోప్రియో ప్యాంటు వేసుకుని, ఒకే ఒక్క కర్రతో దిగింది. మ్యాచ్ ఓడిపోయింది. ప్యాంటు విషయంలో లేడీస్ గోల్ఫ్ యూనియన్ చిన్నబుచ్చుకుంది. సంప్రదాయ దుస్తుల్ని వదిలేయడం బాగాలేదని చెప్పింది స్త్రీల సంఘమే అన్నది మనం దాటవేయకూడదు. 2017లో మెడ దిగువ ఎంత ఉండాలి, స్కర్టు ఎంత కప్పాలి, లెగ్గింగ్స్ ఎప్పుడు కుదరవు అని ఆటగత్తెలకి సూచనలిచ్చి, తప్పితే వెయ్యి డాలర్ల జరిమానా అన్నది కూడా స్త్రీల సంస్థే, ఎల్‌పీజీఏ. మగవాళ్ళకీ బాధలు లేకపోలేదు. పీజీఏ టూర్ వాళ్ళు ప్రాక్టీసులో నిక్కరు వేసుకోవడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. కానీ ఆ గొడవ అంతా ఉక్కపోత గురించి. వాళ్ళ మోకాళ్ళు శోభగా ఉన్నాయా లేదా అని ఎవరూ చర్చించలేదు.

ఇక చూసేవాళ్ళ సంగతి. అగస్టా నేషనల్ క్లబ్బులో మాస్టర్స్ పోటీ 1934లో మొదలైంది. అక్కడ ప్రేక్షకుల్ని 'పేట్రన్లు' అంటారు, అంటే పోషకులు. టికెట్టు కొనుక్కుని ఆడవాళ్ళూ ఆ పోషణ చేస్తూనే ఉన్నారు. క్లబ్బు మాత్రం మొట్టమొదటి స్త్రీ సభ్యుల్ని, కాండొలీజా రైస్‌నీ డార్లా మూర్‌నీ, 2012లో గానీ చేర్చుకోలేదు. అంతకు పదేళ్ళ ముందు మార్తా బర్క్ ఉత్తరం రాసి, 2003లో పోటీ జరుగుతుండగా నిరసనకి దిగితే కూడా కదల్లేదు. స్కాట్లండులో మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు 2016లో ఓటు పెట్టి మరీ స్త్రీలు వద్దంది. ఓపెన్ పోటీ జరిపే అవకాశం చేజారాక, మరుసటి ఏడు మళ్ళీ ఓటు పెట్టి సరే అంది. సభ్యత్వం ఇవ్వరు, రమ్మంటారు. తాడుకి ఇవతల నిలబడమంటారు. అలా నిలబడ్డ స్త్రీ ఆ పచ్చదనంలో ఒక అలంకారంగా మిగలడానికి పెద్ద కుట్రేమీ అక్కర్లేదు. ఎండాకాలపు గౌన్ల గురించి రాసిన ఒక చిన్న వ్యాసం సరిపోతుంది.

ఇంతా రాశాక అక్క గురించి రాయకపోతే అన్యాయం అవుతుంది. ఈ వ్యాసాల్ని ఎవరు చదువుతారు? ముత్తాతల నాటి నుంచి ఆ క్లబ్బుల్లో తిరిగినవాళ్ళు చదవరు. వాళ్ళకి బట్టల భాష పుట్టుకతో వస్తుంది. చదివేది బయటినుంచి వచ్చిన మనిషి, గేటు దగ్గర తన ఒంటిని తనే ఒకసారి తనిఖీ చేసుకునే మనిషి. అక్క పధ్నాలుగేళ్ళుగా అక్కడ ఉంటోంది. దుకాణంలో అమ్మ చీర మీద పడి జారిపోయే చూపుల్ని అమ్మ గమనించదు, అక్క గమనిస్తుంది. ఆ చూపుల నుంచి అమ్మని కాపాడాలనే అది లెగ్గింగ్స్ తీసింది. కానీ కాపాడటానికి దానికి చేతికి దొరికిన ఆయుధం ఆ వ్యాసమే కావడం, దాని దెబ్బ అమ్మకే తగలడం... శనివారం పొద్దున నేను ఇదంతా ఉపన్యాసంలా చెప్పబోతే అక్క, "నువ్వు వారంలో వాపసు పోతవ్. నేనీడ బతకాలె" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అమ్మని ఒప్పించింది మేమిద్దరం కాదు. శనివారం సాయంత్రం టీవీలో స్కోర్లు చూస్తూ బావ పార్ అంటే ఏమిటో, దానికి ఒకటి తగ్గితే బర్డీ, ఒకటి పెరిగితే బోగీ అని చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పిన మనిషి మా అమ్మ. పది నిమిషాల్లో బావ కంటే ముందే కూడికలు చేసేసింది. తెల్లారి చూస్తే నారాయణపేట నూలు చీర, చీలమండ కనబడేంత ఎత్తుగా కట్టి, కొంగు నడుముకి దోపి, కింద తను రోజూ నడకకి వేసుకునే బూట్లతో హాల్లో కూర్చుని ఉంది. అక్క చూసింది. ఏమీ అనలేదు. తన టోపీ తీసి అమ్మ తల మీద పెట్టింది.

చీర గురించి నేను కవిత్వం చెప్పను. ఎత్తు ఎక్కేటప్పుడు కుచ్చిళ్ళు రెండుసార్లు కాలికి అడ్డంపడ్డాయి, తడిసిన అంచు మధ్యాహ్నం దాకా ఆరలేదు. ఏ వ్యాసమూ ఊహించని చిక్కు మాత్రం వేరే వచ్చింది. గ్రీన్ మీద ఆటగాడు పుట్ కొట్టబోయేముందు వలంటీర్లు రెండు చేతులూ పైకెత్తుతారు. వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. ఆ నిశ్శబ్దంలో అమ్మ గాజులు గలగలమన్నాయి. ముందు వరసలో ఇద్దరు తిరిగి చూశారు. అక్క మొహం ఎర్రబడింది. అమ్మ ఎడమచేతి గాజుల్ని మోచేతి దాకా తోసి, కుడిచేతి గాజుల్ని ఎడమ గుప్పిట్లో పట్టుకుని, బంతి గుంటలో పడేదాకా అలాగే నిలబడింది. ఆ తర్వాత రోజంతా, వలంటీరు చేతులు లేవకముందే అమ్మ గుప్పిట బిగిసేది. ప్రేక్షకురాలు ఏం వేసుకోవాలన్న ప్రశ్నకి నేను చూసిన అన్నిటికన్నా తెలివైన జవాబు అదే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె బ్యాగు మోసింది వాళ్ళమ్మ మహేశ్వరి. తాడుకి అవతల నడిచిన అమ్మ. ఆవిడ ఏ బట్టలు వేసుకుందో ఎంత తలుచుకున్నా నాకు గుర్తుకు రావడం లేదు. బ్యాగు బరువు గుర్తుంది.

17వ హోల్లో సాహిత్ బర్డీ కొట్టి అందరికంటే ఒక స్ట్రోక్ ముందుకి వెళ్ళాడు. 18లో మొదటి దెబ్బకే బంతి ఇసుక గుంటలో పడింది. అక్కడినుంచి కొడితే గట్టు అంచుకి తగిలి మళ్ళీ ఇసుకలోనే ఉండిపోయింది. "అయ్యో కొడుకా" అంది అమ్మ, పైకే. పక్కనున్న ఒక అమెరికన్ ముసలావిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. రెండు స్ట్రోకులు పోయాయి, గెలుపు షాఫ్లీకి దక్కింది. ఆ పది నిమిషాల్లో అక్క తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి. ఒక్కదాంట్లోనూ అమ్మ మొహం కెమెరా వైపు లేదు. మునివేళ్ళ మీద లేచి, మెడ సాచి, ఎవరి భుజం మీంచో చూస్తూ ఉంది.

ఇంటికి వస్తూ కార్లోంచే హనుమకొండలో పెద్దమ్మకి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఇసుక గుంట దాకా వచ్చేసరికి పెద్దమ్మ అడ్డంపడి, "అది సరే గని, గంత పెద్దోళ్ళ నడుమకి ఏం కట్టుకొని పోయినవే?" అని అడగడం స్పీకర్లో మాకూ వినబడింది.

"చెప్త గని ఆగు," అంది అమ్మ, "ముందు బంతి ఎట్ల కొట్టిండో ఇను."