'బికాజ్' పాటలో బహుకంఠ సమ్మేళనం: ఒక పరిశీలన

మన పాటల విమర్శలో 'బృందగానం' అన్న ఒక్క మాట రెండు వేర్వేరు కళలను కలిపివేస్తోంది. పలువురు ఒకే వరుసను పాడడం మొదటిది. భిన్న స్థాయిలలోని వరుసలను ఏకకాలంలో పాడడం రెండవది. ఈ రెండవదే హార్మొనీ.

బీటిల్స్ బృందం 1969లో వెలువరించిన 'అబే రోడ్' ఆల్బమ్‌లోని 'బికాజ్' ఇందుకు నిదర్శనం. లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ మూడు వరుసలను కలిసి పాడారు. ఆ గానాన్ని మూడుసార్లు రికార్డు చేసి కలపడం వల్ల తొమ్మిది గొంతులు వినిపిస్తాయి. అయినా వరుసలు మూడే. ధ్వనిముద్రణ సాంద్రతను పెంచింది గాని కొత్త వరుసను చేర్చలేదు. మధ్య వరుసలో ఒక్క స్వరం మారినా సమ్మేళనపు భావమే మారగలదు. కనుక గేయ విమర్శ సాహిత్యం వద్ద, ప్రధాన బాణీ వద్ద ఆగిపోరాదు. ఆ మధ్య గొంతునూ వినాలి.