పేరు రాయని పంచనామా

పోలీస్ స్టేషన్‌లో చేయి తిరిగిన రైటర్ పంచనామా రాస్తుంటే పక్కన నిలబడి చూడాలి. గొడ్డలి తలుపు వెనక ఉందా, మంచం కింద ఉందా. పిడి ఎన్ని అంగుళాలు. గోడమీద మరక నేల నుంచి ఎంత ఎత్తున ఉంది. సీలు వేసేటప్పుడు పంచులుగా ఎవరున్నారు. అంతవరకే. వాకిట్లో చేరిన జనం ఒక పేరు గొణుగుతూనే ఉంటారు. ఆయన కలం మాత్రం ఆ పేరు జోలికి పోదు. రేపు కోర్టులో ప్రతి అక్షరాన్నీ లాగి చూస్తారని ఆయనకు తెలుసు.

ఐక్యరాజ్యసమితి 2013 సెప్టెంబర్ 16న బయటపెట్టిన ఘౌటా నివేదిక అలాంటి పంచనామా. అనుబంధాలతో కలిపి నలభై పేజీలకు అటూఇటూగా ఉంటుంది. సిరియా అంతర్యుద్ధంలో రసాయన ఆయుధం వాడారా లేదా అన్నదొక్కటే దాని ముందున్న ప్రశ్న. ఎవరు వాడారో తేల్చే అధికారం ఆ బృందానికి ఇవ్వలేదు. ప్రపంచమంతా ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించి ఉన్న రోజుల్లో, ఆ మాట అనకుండానే ఇంత పని ఎలా చేశారన్నది చూడదగ్గ విషయం.

ముందు సందర్భం. 2013 ఆగస్టు 21 తెల్లవారుజామున డమాస్కస్ శివార్లలో తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్న ఘౌటా ప్రాంతం మీద రాకెట్లు పడ్డాయి. తూర్పున జమల్కా, ఐన్ తర్మా; పడమట మోఅదమియా. మృతులు 1,429 మంది అని అమెరికా ప్రభుత్వం లెక్క చెప్పింది. కనీసం 350 అని బ్రిటన్ నిఘా అధికారులు అన్నారు. తాము సాయం చేస్తున్న మూడు ఆసుపత్రులకు మూడు గంటల్లోపే దాదాపు 3,600 మంది వచ్చారనీ, వారిలో 355 మంది చనిపోయారనీ ‘హద్దులు లేని వైద్యులు’ సంస్థ ప్రకటించింది. ఇది ప్రభుత్వ సైన్యం పనేనని వాషింగ్టన్, లండన్, పారిస్ అన్నాయి. తిరుగుబాటుదారులే చేసి నింద మా మీద వేశారని డమాస్కస్ అంది, మాస్కో దానికి వంతపాడింది.

విచిత్రమేమంటే, దర్యాప్తు బృందం అప్పటికే డమాస్కస్‌లో ఉంది. అంతకుముందు మార్చి 19న ఖాన్ అల్ అసల్‌లో జరిగిందన్న రసాయన దాడి, మరి రెండు ఆరోపణల విచారణకు ఆగస్టు 18న వచ్చి హోటల్లో దిగింది. నాయకుడు ఓకే సెల్‌స్ట్రోమ్, ఇరాక్ ఆయుధ తనిఖీల్లో ఆరితేరిన స్వీడన్ శాస్త్రవేత్త. ఆయన వెంట రసాయన ఆయుధాల నిషేధ సంస్థ (ఓపీసీడబ్ల్యూ) నిపుణులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులు ఉన్నారు. దాడి జరిగిన చోటు వాళ్లకు కొద్ది కిలోమీటర్ల దూరమే. అయినా అక్కడ అడుగుపెట్టడానికి అయిదు రోజులు పట్టింది. రోజుకు అయిదు గంటల కాల్పుల విరమణ కుదిరాక ఆగస్టు 26న బయల్దేరితే దారిలో ముందు కారు మీద తుపాకి గుళ్లు పడ్డాయి. కారు మార్చుకుని మళ్లీ వెళ్లారు. మోఅదమియాలో రెండు గంటలు, జమల్కా వైపు అయిదున్నర గంటలు. వెరసి ఏడున్నర గంటల క్షేత్రపరిశీలన. మిగతాదంతా ఆ ఏడున్నర గంటల్లో పోగుచేసిన సరుకుతోనే కట్టారు.

మనుషుల దగ్గర మొదలుపెడదాం. స్థానిక వైద్యులు చూపించిన బాధితుల్లోంచి 36 మందిని బృందం తానే ఎంచుకుంది. ఎవరి రోగాన్ని వాళ్ల నోటే అడిగి, పరీక్షించి, లెక్క రాసింది. స్పృహ తప్పినవాళ్లు 78 శాతం, ఊపిరాడనివాళ్లు 61 శాతం, చూపు మసకబారినవాళ్లు 42 శాతం. ఈ లక్షణాల పట్టిక చూస్తే వరంగల్‌లోనో గుంటూరులోనో పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన డాక్టర్‌కు వేరే వివరణ అక్కర్లేదు. పత్తిచేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన రైతును, మందు తాగిన మనిషిని ఆయన చూసే ఉంటారు. నోట నురగ, సూదిమొనంత అయిన కంటిపాప, విరుగుడుగా అట్రోపిన్ మీద అట్రోపిన్. సారిన్ కూడా ఆ ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబంలోదే. 1938లో జర్మనీలో పురుగుమందుల కోసం వెతుకుతుంటే బయటపడింది. నరాల సంకేతాన్ని ఆపాల్సిన ఎంజైమును కట్టిపడేస్తుంది. కండరం బిగిసి వదలదు, ఊపిరి నిలిచిపోతుంది.

లక్షణాలు ఒక కుటుంబాన్ని చూపిస్తాయి గానీ ఆ కుటుంబంలో ఫలానా విషమని చెప్పలేవు. దానికి రక్తం, మూత్రం, మట్టి కావాలి. సారిన్ తేమ తగిలితే విరిగిపోతుంది. ముందు ఐసోప్రొపైల్ మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం అవుతుంది, అదీ విరిగి మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లంగా మిగులుతుంది. మొదటిది సారిన్ వేలిముద్ర లాంటిది. రెండోది వీఎక్స్, సోమన్ లాంటి ఇతర నరాల విషాల నుంచీ వస్తుంది, కాబట్టి దాని సాక్ష్యం బలహీనం. నివేదిక ఈ రెండింటినీ ఒక గాటన కట్టకుండా వేర్వేరుగా చూపింది. 30 పర్యావరణ నమూనాలనూ, బాధితుల రక్తమూత్రాలనూ సీలువేసి, కాపలాతో హేగ్ చేర్చి, సిరియా ప్రభుత్వ ప్రతినిధులు చూస్తుండగా విడదీసి ప్రయోగశాలలకు పంపారు. ఒక్కో రకానికి రెండేసి ల్యాబులు. ఒకదాని ఫలితం రెండోదానికి తెలియదు.

నాకు బాగా నచ్చిన పేజీలు ఆ పట్టికలవి. రెండు ల్యాబుల జవాబులూ పక్కపక్క గడుల్లో ఉంటాయి. కొన్ని గడుల్లో రెండూ కలవవు. కలవనివాటిని చెరిపేయలేదు, సగటు తీయలేదు, ఉన్నదున్నట్టు అచ్చువేశారు. మోఅదమియాలో తీసిన మట్టి, ఇతర పర్యావరణ నమూనాల్లో సారిన్ నేరుగా దొరకలేదు. ప్రత్యర్థి చేతికి ఆయుధమిచ్చే సంగతి అది. అదీ అక్కడే ఉంది. మొత్తం మీద రక్త నమూనాల్లో 85 శాతం సారిన్‌ను చూపించాయని నివేదికను భద్రతామండలికి సమర్పిస్తూ బాన్ కీ మూన్ చెప్పినప్పుడు, ఆ అంకెను ఎవరూ కదపలేకపోయింది ఈ దాపరికం లేనితనం వల్లే.

ఇక ఇనుము సంగతి. ఐన్ తర్మాలో దొరికిన 330 మిల్లీమీటర్ల రాకెట్‌కు ముక్కముక్కకూ కొలత రాశారు, బొమ్మ గీశారు. తలభాగంలో ఎంత ద్రవం పడుతుందో లెక్కగట్టి 56 లీటర్లు, ప్లస్ ఆర్ మైనస్ 6 అన్నారు. ఆ ఆరు లీటర్ల దగ్గర కాసేపు ఆగండి. వంగిపోయి చిరిగిపోయిన రేకు నుంచి తీసిన లెక్క కచ్చితంగా రాదు. ఎంత తేడా రావచ్చో కూడా ముందే చెప్పేశారు. మోఅదమియాలో దొరికింది 140 మిల్లీమీటర్ల ఎం14 రకం రాకెట్ మోటారు. దాని మీద చెక్కి ఉన్న రష్యన్ లిపి అక్షరాలనూ అంకెలనూ ఎలా ఉంటే అలా ఎత్తి రాశారు. వాటిని పట్టుకుని ఇది ఫలానావాళ్లు పేల్చిందనే మాట అల్లలేదు.

పనితనం పతాకస్థాయికి చేరింది రాకెట్లు వచ్చిన దారిని కొలిచినచోట. బృందం అయిదు చోట్ల పడిన గుర్తులు చూసింది. మూడింటిని పక్కన పెట్టేసింది, అక్కడి గోడలూ నేలా దిశ చెప్పేలా లేవు కాబట్టి. మిగిలినవి రెండు. మోఅదమియాలో రాకెట్ నేల తాకేముందు ఒక మొక్కల తెరను చీల్చుకుని వచ్చింది. చీలిక ఒక చుక్క, కింద గుంట ఇంకో చుక్క. రెండు చుక్కలుంటే గీత వస్తుంది. గుంట దగ్గర నిలబడి వెనక్కి చూస్తే ఆ గీత 35 డిగ్రీలకు పోతుంది, అంటే రాకెట్ ప్రయాణించిన దిశ 215. ఐన్ తర్మాలో మోటారు గొట్టం వంకర పోకుండా మెత్తటి నేలలో దిగబడి అలాగే ఉంది. దాని తోక చూపించింది 285 డిగ్రీలు, ప్రయాణ దిశ 105. పొలం సర్వేయర్ హద్దురాయి దగ్గర చేసే పనే ఇది, కాకపోతే తలమీద తుపాకుల నీడ ఉంది.

గాలిని కూడా వదల్లేదు. ఆ తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య చలి పెరుగుతోంది. అలాంటప్పుడు గాలి పైకి లేవదు, కిందికే దిగుతుంది. బాంబుల భయంతో నేలమాళిగల్లో తలదాచుకున్నవాళ్ల దగ్గరికే బరువైన విషం దిగింది. ఒక్క వాతావరణ వివరంతో అంతమంది ఎందుకు పోయారో అర్థమవుతుంది.

ఇంత రాశాక తమ లోపాలు తామే రాసుకున్నారు. సమయం చాలలేదు. మేం రాకముందూ, మేం ఉండగానూ ఆ చోట్లలో జనం తిరిగారు. అనుమానాస్పద శకలాలను పట్టుకుని కొందరు మా దగ్గరికే వచ్చారు, కాబట్టి సాక్ష్యం చోటు మారి ఉండవచ్చు, చెయ్యి పడి ఉండవచ్చు. విమర్శకులు వెతుక్కోవలసిన అవసరం లేకుండా ఇదంతా నివేదికలోనే ఉంది.

ఈ పంచనామా మీద తర్వాత జరిగిన వాదన దాని విలువను ఇంకోలా తేల్చింది. ఆ రెండు గీతలను మ్యాపు మీద పొడిగించి, రెండూ కాసియూన్ కొండ దగ్గరి సైనిక స్థావరం వద్ద కలుస్తున్నాయని కొందరు పరిశీలకులు చూపించారు. అంటే తొమ్మిదిన్నర కిలోమీటర్ల దూరం. ఆ బరువు తల ఉన్న 330 మిల్లీమీటర్ల రాకెట్ సుమారు రెండు కిలోమీటర్లే పోగలదని ఆయుధ నిపుణుడు రిచర్డ్ లాయిడ్, ఎంఐటీ ప్రొఫెసర్ థియోడర్ పోస్టల్ 2014 జనవరిలో లెక్కగట్టారు. రెండు కిలోమీటర్లన్నది సబబైన అంచనాయేనని సెల్‌స్ట్రోమ్ కూడా అన్నారు. కొండ దాకా పోయిన గీత నిలవలేదు, 285 డిగ్రీలు మాత్రం నిలిచింది. దిశ ఇచ్చినచోటే దూరం గురించి ఒక హెచ్చరిక వాక్యం రాసి ఉంటే ఆ అయోమయం తగ్గేది. నివేదికలో నాకు కనిపించే లోటు అదొక్కటే.

బాధ్యుడి పేరు రాసే పని తర్వాత ఎలా మొదలైందో కూడా చెప్పాలి, అందులో రసాయన ఆయుధాల నియంత్రణ కథ కలిసి ఉంది. దాడి తర్వాత సిరియా రసాయన ఆయుధాల ఒప్పందంలో చేరింది. సెప్టెంబర్ 27న భద్రతామండలి 2118 తీర్మానం చేసింది. సుమారు 1,300 టన్నుల నిల్వ ఉందని సిరియా ఒప్పుకుంది. చివరి సరుకు 2014 జూన్ 23న ఓడ ఎక్కింది. అత్యంత ప్రమాదకరమైనవాటిని కేప్ రే అనే అమెరికా ఓడ మీద నడిసముద్రంలోనే నిర్వీర్యం చేశారు. ఆ నిల్వలోంచి తీసి ఉంచిన నమూనాలే తర్వాత తాళంచెవి అయ్యాయి. 2017 ఏప్రిల్ 4న ఖాన్ షేఖూన్‌లో సారిన్ పడినప్పుడు, అక్కడి మట్టిలో దొరికిన మలినాలను ఐరాస, ఓపీసీడబ్ల్యూల ఉమ్మడి దర్యాప్తు యంత్రాంగం ఆ నమూనాలతో పోల్చింది. సిరియా ప్రభుత్వానిదే బాధ్యతని అక్టోబర్‌లో రాసింది. మరోచోట మస్టర్డ్ విషం వాడింది ఐసిస్ అనీ ఆ యంత్రాంగమే తేల్చింది. ఆ మరుసటి నెలలోనే రష్యా వీటోలతో దాని ఆయువు తీరింది. 2018లో ఓపీసీడబ్ల్యూ సభ్యదేశాలు బాధ్యుల్ని గుర్తించే అధికారాన్ని సంస్థకే ఇచ్చాయి.

ఘౌటా మాత్రం ఈ యంత్రాంగాల పరిధిలోకి రాలేదు. వాడినవాళ్లకు సిరియా సైన్యపు రసాయన నిల్వ అందుబాటులో ఉండి ఉంటుందని ఐరాస మానవహక్కుల విచారణ కమిషన్ 2014 ఫిబ్రవరిలో చెప్పిన మాటే ఆ దిశలో గట్టిది. ఆ మాట అనడానికి వాళ్ల ముందున్న సరుకులో ముఖ్యమైనది ఏడున్నర గంటల్లో పోగైంది. ఆ ఘౌటా నివేదిక ఐరాస పత్రాల్లో ఎవరైనా చదువుకునేలా ఉంది. సారిన్ అన్న మాట అందులో చాలాచోట్ల ఉంటుంది. పేల్చినవాడి పేరు ఒక్కచోట కూడా ఉండదు.