నాణ్యత కొలబద్దకు అంటరానితనం కనిపిస్తదా?

వైద్యం నాణ్యత గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా, తెలిసో తెలియకో, అవెడిస్ డొనబేడియన్ భాషే మాట్లాడుతున్నారు. ఊచకోతకు గురైన ఆర్మీనియన్ జాతి బిడ్డ. 1919లో బేరూట్‌లో పుట్టి, పాలస్తీనాలోని రామల్లాలో పెరిగి, డాక్టరై, 1961 నుంచి అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం బోధించాడు. 2000లో చనిపోయాడు.

1966లో ఆయన రాసిన వ్యాసం మూడు ప్రశ్నల మీద నిలబడింది. ఆస్పత్రిలో ఏమున్నయి? రోగికి ఏం చేశారు? రోగి చివరికి ఏమయ్యాడు? డాక్టరు పేరుప్రతిష్ఠలు చూసి వైద్యాన్ని మెచ్చుకునే రోజుల్లో ఇది చిన్న మాటేం కాదు. ఈ ప్రశ్నలు మనకూ కావాలి. వాటిని మేం కాదనడం లేదు.

పేచీ రెండో ప్రశ్న దగ్గరే వస్తది. రోగికి ఏం చేశారో తెలిసేదెట్లా? కేసు షీటు చూసి. ఆ కాగితాల్లో అన్నీ ఉంటాయా అన్న అనుమానం డొనబేడియన్‌కే ఉంది, ఆ వ్యాసంలోనే రాశాడు. కానీ కలం ఎవరి చేతిలో ఉందన్నది ఆయన ప్రశ్న కాలేదు. పైగా, ఆ వ్యాసం డాక్టరు–రోగి మధ్య జరిగేదాని మీదే చూపు నిలిపి, ఊరికి వైద్యం ఎట్లా అందుతుందన్నది పక్కన పెట్టింది. మనకు ఊరంటేనే వాడ ఉన్నట్టు. పక్కన పెడితే మిగిలేదేంది?

సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో 200 మంది దళిత పిల్లలతో మాట్లాడి, 2010లో అధ్యయనం వెలువరించారు. మందు ఇచ్చేటప్పుడు, పరీక్ష చేసేటప్పుడు తాకకపోవడం అందులో బయటపడింది. మందు ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంటది. తాకకుండా ఇచ్చినట్టు ఏ రిజిస్టరులో ఉంటది? పిల్లల్ని అడిగారు గనకే తెలిసింది.

1990లో డొనబేడియన్ నాణ్యతకు ఏడు స్తంభాలు చెప్పాడు. సమన్యాయం వాటిలో ఏడోది. చేర్చినందుకు సంతోషమే. అయితే సమన్యాయం ఒక స్తంభం కాదు, పునాది అంటాం మేం. అది లేకుండా తక్కిన ఆరింటికీ మంచి మార్కులు తెచ్చుకునే ఆస్పత్రులు ఈ దేశంలో ఉండగలవు.

2013లో కేంద్రం తెచ్చిన నాణ్యతా ప్రమాణాల్లో రోగి హక్కులున్నయి, శుభ్రత ఉంది, ఫలితాలున్నయి. మూడు ప్రశ్నల నీడ స్పష్టంగానే కనిపిస్తది. తనిఖీకొచ్చినోళ్లు వార్డు నేల చూస్తారు, తుడిచే మనిషి చేతికి తొడుగుందా అని చూస్తారు. ఆ చీపురు తరతరాలుగా మన కులాలోళ్ల చేతికే ఎందుకొస్తున్నదో రాసుకోడానికి వాళ్ల ఫారంలో గడి ఏదీ?