టేకు పట్టె

ప్లేగు చెలరేగిన 1898 తరువాత పెరిగిన బెంగళూరు బసవనగుడిలో మా తాతగారు కట్టించిన యింటిని నిరుడు కూల్చవలసి వచ్చినప్పుడు, తలుపులను దూలములను కలప అంగడికి అప్పగించియు, మేడమెట్ల ప్రక్కనుండిన పదడుగుల టేకు పట్టెను మాత్రము, మూడు తరముల అరచేతుల రాపిడికి నునుపుదేరినదగుటచే విడువలేక, క్రొత్త యింటి మెట్లకు అమర్చుమని మా ఆచారిని కోరితిని.

కుప్పమునుండి వచ్చి యిచ్చట స్థిరపడిన ఆయన దానిని తిరగవేసి చూచి, "కొయ్య బాగుండాది సామీ, బెజ్జాలే మన మెట్లకి కుదరవు," అనెను. పాత మెట్లు నిటారు, క్రొత్తవి వాలు. కొయ్యకడ్డీల కుసులకై ఆనాడు తొలిచిన బెజ్జములన్నియు ఆ పాత వాటమునకే చెల్లును. తరలింపనగా మోసికొనిపోవుటయే యనుకొన్న నాకు, నాలుగు దినముల పనిలో మూడు దినములు పాత బెజ్జములు పూడ్చుటకే పట్టుట వింతగా తోచినది.

పట్టె కొసన మిగిలిన జేనెడు ముక్కతోనే ఆయన బిరడాలు చెక్కెను; ఒక్కొక్కదానిని బెజ్జమున నిలిపి, దాని నార పట్టె నారతో ఏకరేఖగా కలియువరకు వ్రేళ్లతో త్రిప్పి త్రిప్పి చూచినగాని కొయ్యసుత్తి యెత్తలేదు. టేకు చేవలో సహజతైలముండుటచే జిగురు తేలికగా పట్టదు. ముందుగా ఆ తావును థిన్నరుతో తుడువవలెను. సముద్రమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తుననున్న బెంగళూరులో ఓడల మాట యేల యందురేమో గాని, గోదావరిపై తేలివచ్చిన టేకుతో కోరంగిలో ఓడలు కట్టుటకును, 1817లో బొంబాయి వాడియాలు కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున తేలియుండుటకును ఈ తైలగుణమే ముఖ్యకారణము. ఓకు కలప ఇనుపమేకును తినివేయును, టేకు కాపాడును.

పాత తెరచాప పడవల కప్పుపై నావికులు పట్టుకొను టేకు పట్టెలను తావు మార్చువారికిని ఈ పాత బెజ్జముల చిక్కే కలదు. అచ్చట పూడని బెజ్జమున నీరు దిగి కప్పు లోలోపల కుళ్లును. మరమేకు తలపై మూయు బిరడాను మాత్రము వారిలో పలువురు గట్టి జిగురుతో గాక వార్నీషుతోనే అంటింతురు, మరల నెన్నడైన ఊడదీయువాని కష్టమును తలచి.

మా ఆచారియు, నేను చెప్పకుండగనే, పట్టెను కంబములకు బిగించిన నాలుగు మరమేకుల బిరడాలకు జిగురు పూయలేదు.