ఇయాగో కొత్తగా చెప్పిందేముంది?

‘ఒథెల్లో’ మీద పరీక్షలో అడిగే ప్రశ్న ఒకటే: ఒథెల్లోను నాశనం చేసిన లోపం ఏది? గైడు నేర్పే జవాబూ ఒకటే: అసూయ. మంచికీ చెడుకీ జరిగిన పోరాటంలో ఆ లోపం వల్ల మంచి ఓడిపోయింది అని ముగిస్తే మార్కులు పడతాయి. పాఠం చెప్పేవాణ్ణి గనక నేనూ చాన్నాళ్లు ఇదే చెప్పాను.

మన ఇళ్లల్లో మాత్రం ఈ రెంటికీ రెండు మాటలున్నాయి. తనకు రావలసిన పదవి కాసియోకు పోయిందని ఇయాగో ఏడుస్తాడే, అదీ అసూయ. పెళ్లాన్ని శంకించే మొగుడిది అనుమానం. ఒథెల్లోది అనుమానం. అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

మొదటి అంకం చూడండి. డెస్డెమోనా తండ్రి బ్రబాన్షియో వెనిస్ పెద్దమనిషి. ఒథెల్లోను ఇంటికి పిలిచేవాడు, యుద్ధాల కథలు చెప్పించుకుని మురిసేవాడు. కూతురు అతన్ని పెళ్లాడిందనగానే చేతబడి చేశాడంటాడు. ఇంటికి పిలవడం వేరు, పిల్లనివ్వడం వేరు గదా! పిల్లను మాయచేసినవాడు ఎవడైనా సరే కఠినంగా శిక్షిస్తానని మాటిచ్చిన రాజ్యాధిపతి, ఆ మనిషి ఒథెల్లో అని తెలియగానే గొంతు మారుస్తాడు. టర్కీ నౌకలు సైప్రస్ మీదికి వస్తున్నాయి, సేనాని కావాలి. అందుకే పెళ్లి నిలబడింది. న్యాయం జరిగి కాదు, అవసరం పడి.

ఇప్పుడు మూడో అంకం మూడో రంగం. ఇయాగో అంటాడు: ఆమె తండ్రినే మోసం చేసి నిన్ను పెళ్లాడింది. ఇది బ్రబాన్షియో పోతూ పోతూ విసిరిన మాటే. తన దేశం, తన రంగు, తన అంతస్తు వున్న సంబంధాలు కాదనుకున్న ఆడది మామూలు మనిషేనా అని అడుగుతాడు. ఇదీ వెనిస్ మాటే. రుమాలు ఇంకా కింద పడనే లేదు, ఒథెల్లో అప్పటికే తాను నల్లవాణ్ణి గనక, నాగరికుల మాటతీరు రాదు గనక ఆమె దూరమైందేమో అనుకుంటున్నాడు. అంటే వాళ్ల కళ్లతో తనను తాను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ చూపు ఎలాంటిదో మనలో చాలామందికి బడిలోనే తెలిసింది.

ఇయాగో దుష్టత్వానికి కారణం లేదని, వాడు కారణాలు వెతుక్కుంటున్నాడని కోల్‌రిడ్జ్ తేల్చాడు. అందమైన వెనిస్ పిల్ల నిజంగా నల్లవాణ్ణే ప్రేమించిందంటే ఒప్పుకోలేకపోయిందీ ఆయనే. ఈ రెండు మాటలకూ లంకె వుంది. నాటకంలోంచి రంగును తీసేస్తే ఇయాగో మాటలు అంత సులువుగా ఎందుకు పారాయో అర్థం కాదు. అప్పుడిక వాణ్ణి సైతానును చెయ్యడమొక్కటే దారి. సైతాను చేసిన పనికి వెనిస్‌ది పూచీ వుండదు.

రంగూ కులమూ ఒకటే అనడం లేదు. కులం జాతి విభజన కాదని అంబేద్కర్ 1936లోనే వాదించారు. కానీ ఈ కథ కులంలోకి ఎంత సులువుగా వస్తుందో 1997లో జయరాజ్ తీసిన మలయాళ సినిమా ‘కళియాట్టం’ చూపించింది. అందులో ఒథెల్లో తెయ్యం ఆడే కింది కులం మనిషి. వేషం కట్టినప్పుడు దేవుడు, తీశాక కాదు.

అయితే ఇక్కడ మనం, ముఖ్యంగా మగవాళ్లం, ఒకచోట ఆగాలి. అవమానం ఒథెల్లో అనుమానానికి మూలం చెబుతుంది, డెస్డెమోనా గొంతు నొక్కిన చేతిని మాత్రం కడగదు. ఆ అవమానాల్లో ఆమె చేసిందేమీ లేదు. తండ్రిని ఎదిరించి అతని పక్కన నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఆమె. బయట తిన్న దెబ్బ ఇంట్లో ఆడవాళ్ల మీద దించుకోవడం మనకు తెలియనిదా? ఈ సంగతి నిలదీసేది ఎమీలియా, డెస్డెమోనా పరిచారిక. రుమాలు తీసి మొగుడు ఇయాగో చేతికిచ్చిందీ ఆమే, నిజం తెలిశాక నోరు మూసుకోనన్నదీ ఆమే. మొగుడు పొడిచి చంపాడు. పాఠ్యపుస్తకాలు ఆమెకు రెండు వాక్యాలకు మించి ఇవ్వవు.

చివరికి ఒథెల్లో రాజ్యానికి తాను చేసిన సేవ గుర్తుచేసి, ఒకప్పుడు వెనిస్ శత్రువును పొడిచినట్టే తనను తాను పొడుచుకుంటాడు. ఆ తర్వాత వెనిస్ దూత చెప్పే మాటలు క్లాసులో అందరం దాటేస్తాం. ఒథెల్లో ఇల్లూ ఆస్తీ స్వాధీనం చేసుకొమ్మని, అవి ఇక నీవేనని గ్రాషియానోకు చెబుతాడు. గ్రాషియానో బ్రబాన్షియో సోదరుడు.