రేఖయే ప్రాణము

రేఖ, రూపము, వర్ణము, ఛాయ, అవకాశము దృశ్యకళకు మూలాంగములు. వీనిలో రేఖయే మొదటిది. తిరువళ్లూరున వీరరాఘవస్వామి శయనమూర్తి. ఆ అడ్డరేఖ చూపరుల మనస్సునకు విశ్రాంతి నొసగును. తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామి నిలిచియున్న మూర్తి. ఆ నిలువురేఖ చూపును పైకెత్తి ఉత్సాహము గొల్పును. అదే ఊర, 9వ శతాబ్ది చివర, పల్లవరాజైన అపరాజితుని కాలమున వెలసిన వీరట్టానేశ్వరాలయము గజపృష్ఠాకారము. దాని వెనుకగోడ వంపున వెలుగు క్రమముగా నీడలో గరగును. అచట రేఖయే రూపమైనది; రూపమే ఛాయను గన్నది; వర్ణముతో బనిలేకపోయినది. కావున ప్రాచీనశిలకు రంగు పూయుట అలంకారము గాదు, రేఖను మరుగుపరచుటయే. మన పిల్లలకు చిత్రలేఖనము నేర్పువారు రంగులపెట్టె తెరచుటకు ముందు ఈ మూడు రేఖలను జూపవలెను.