లేపాక్షి కప్పు కింద ఒక పూట

రాప్తాడు పక్కగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే దేవనహళ్లి విమానాశ్రయం వస్తుంది. బ్యాంకాక్‌కో బాలికో శ్రీలంకకో సెలవులకు బయల్దేరే మన వైపు కుటుంబాలు ఎక్కువగా ఈ దారినే పడతాయి. కర్ణాటక సరిహద్దు దాటకముందే కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ కుడివైపు తిరిగితే లేపాక్షి. పాస్‌పోర్టులు, టికెట్లు, హోటళ్లు సరిచూసుకుంటున్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. ఆ పెద్ద ప్రయాణానికి ముందు ఒక రోజు ఈ మలుపు కోసం తీసిపెట్టండి.

బ్యాంకాక్‌లో పచ్చబుద్ధుడి గుడికి వెళ్తే చుట్టు వసారా గోడల నిండా రామాయణమే ఉంటుంది. థాయివాళ్లు దాన్ని రామకియెన్ అంటారు. జావాలో, బాలిలో వయాంగ్ కులిత్ అనే తోలుబొమ్మలాట ఆడతారు. అందులోనూ రామాయణ భారతాలే. కథను కట్టడం మీద గీయడం, కథను తోలులో కోయడం, ఈ రెండు పనులూ రాప్తాడు నుంచి ఒక రోజులో తిరిగి రాగలిగే దూరంలో ఉన్నాయి. మొదటిది లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద, రెండోది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో. ఇక్కడ చూడటం అలవాటైన కన్ను అక్కడికి పోయినప్పుడు ఊరికే ఫొటో తీసుకుని కదిలిపోదని నా నమ్మకం.

ముందు కాలం సంగతి. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు లోపే. మార్చి దాటితే ఎండ ముదురుతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. బడి సెలవులు వేసవిలోనే ఎక్కువ కాబట్టి అందరూ అప్పుడే బయల్దేరతారు. గుడిలో చెప్పుల్లేకుండా నడవాలి, నేలంతా రాయి. మధ్యాహ్నం రెండింటికి ఆ రాతి మీద పిల్లలు నిలబడలేరు, పెద్దవాళ్లు నిలబడి తలెత్తి చూడలేరు. దసరా సెలవుల చివర నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. శెనక్కాయ పంట ఇంటికి చేరే రోజులు, పొద్దున చలి, పది దాటినా నెత్తి మాడని ఎండ.

రాప్తాడులో తెల్లవారుజామున బయల్దేరితే రెండు గంటల ప్రయాణం. రైలు కావాలనుకునేవాళ్లు అనంతపురంలో ఎక్కి హిందూపురంలో దిగితే అక్కణ్ణుంచి బస్సు దొరుకుతుంది. సద్ది కట్టుకోండి: చిత్రాన్నం, పెరుగన్నం, జొన్నరొట్టెలోకి ఊరుబిండి. ఒక చాప, ఒక చేతి అద్దం, దొరికితే బైనాక్యులర్ కూడా పెట్టుకోండి. అద్దం దేనికో తర్వాత చెబుతాను.

చూసే వరుస ముఖ్యం. బయటివి ముందు, కప్పు కిందివి తర్వాత. రాయి చల్లగా ఉండగానే ఊరి మొదట్లోని బసవన్నను చూడాలి. ఒకే బండలో మలచిన నంది, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. పరిమాణం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. నన్ను ఎక్కువ నిలిపేది మెడ కింద వేలాడే గంటల పట్టెడ, వీపు మీది జూలు బట్ట. ఇంత పెద్ద బండను పశువు ఆకారానికి తెచ్చిన చెయ్యే ఆ గంటల అంచులను అంత శ్రద్ధగా తీసింది. గుడి లోపలికి వచ్చాక ఏడు పడగల నాగలింగం, ఆ తర్వాత పూర్తికాని కల్యాణ మండపం. పార్వతీ పరమేశ్వరుల పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద నిలబడి ఉన్నారు, పైన కప్పు లేదు. కోశాధికారి విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడనే కథ గైడ్లు అక్కడే చెబుతారు, గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. నిజానికి ఈ గుడి మనకు మిగలడానికి కారణం ఆ విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ కేంద్రంగా అధికారం చేసిన ఆ అన్నదమ్ములు కూర్మశైలమనే ఈ గుట్ట మీద దీన్ని కట్టించారు.

లతామండపం దగ్గర కొంచెం ఆగాలి. ప్రతి స్తంభం మీదా చతురస్రాలు, ప్రతి చతురస్రంలో ఒక అల్లిక: తీగ, పువ్వు, హంస, ఒకదానిలోకి ఒకటి దూరే గీతలు. పక్క ముఖానికి తిరిగితే అల్లిక మారుతుంది. చీరల అంచులకు, దుప్పట్ల అద్దకానికి నమూనా గీసుకునేవాళ్లు దశాబ్దాలుగా ఇక్కడికి వస్తూనే ఉన్నారు. రాష్ట్ర హస్తకళల దుకాణాలకు లేపాక్షి అనే పేరు పెట్టడం తగిన పనే.

పది గంటలకల్లా నాట్యమండపంలోకి రండి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం అందరూ చేస్తారు. మీ పిల్లలనూ చేయనివ్వండి, రాతి బరువును లెక్కగట్టిన శిల్పుల సంగతి చెప్పండి. తర్వాత మండపం నడుమకు రండి. చుట్టూ స్తంభాల మీద రంభ ఆడుతోంది, బ్రహ్మ మృదంగం వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ పట్టాడు, మూడు కాళ్ల భృంగి అడుగు వేస్తున్నాడు. పైన నూరు రేకుల తామర. శిల్పాల కోసం వచ్చినవాళ్లకు ఇది చాలు. మన ప్రయాణం మాత్రం ఆ తామరకు చుట్టూ ఉన్న రంగుల కోసం.

చాప పరిచి పడుకోవడానికి గుడివాళ్లు ఒప్పుకుంటే అంతకన్నా మేలు లేదు. ఒప్పుకోకపోతే చేతి అద్దం పనికొస్తుంది. నడుము ఎత్తున అద్దం పట్టుకుని కిందికి చూస్తూ నడిస్తే కప్పంతా అద్దంలో కదులుతుంది, మెడ నొప్పి ఉండదు. అక్కడే ఒక పట్టీలో ద్రౌపదీ స్వయంవరం ఉంది. మత్స్యయంత్రాన్ని కొట్టిన అర్జునుడు కూడా నీళ్లలోకి చూసే బాణం వేశాడని పిల్లలకు గుర్తుచేస్తే, ఆ బొమ్మను వాళ్లే వెతికి పట్టుకుంటారు.

ఇప్పుడు పనితనం. రాతి కప్పంటే ఒక్క పలక కాదు. స్తంభాల మీద దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య పలకలు. అందుకని చిత్రకారుడికి దొరికిన చోటు పొడవాటి పట్టీలే. గోడ మీద వేసేవాడికి ఎత్తు, వెడల్పు రెండూ ఉంటాయి. ఇతనికి పొడవొక్కటే ఉంది. ఆ ఇరుకును అతను కథకు అనుకూలంగా మలచుకున్నాడు. మనునీతి చోళుడి కథనే చూడండి. రాకుమారుడి రథం కింద దూడ పడుతుంది, ఆవు వెళ్లి న్యాయగంట లాగుతుంది, రాజు కొడుకుకే శిక్ష వేస్తాడు. పట్టీ వెంట మనం నడిచినకొద్దీ కథ నడుస్తుంది. కిరాతార్జునీయంలో అడవిపంది మీద శివుడి బాణం, అర్జునుడి బాణం రెండూ పడతాయి. ఆ పందిని వేసిన చేతికి నేను మొక్కుతాను. వెన్ను మీద నిక్కిన వెంట్రుకలు, ముందుకు దూకిన ఒళ్లు, ఒక్క గీత కూడా సందేహించలేదు.

పని వరుస ఇది. రాతి మీద సున్నం, ఇసుక కలిపిన గార పూత. అది నున్నగా తేలాక రూపురేఖలు, ఆ లోపల రంగులు, చివర అంతటినీ కట్టిపడేసే నల్లని గీత. రంగులు మన నేలలో దొరికేలాంటివి: కావి ఎరుపు, గోపి పసుపు, సున్నపు తెలుపు, మసి నలుపు, కొంత ఆకుపచ్చ. నీలం దాదాపు లేదు. శ్రీకృష్ణుణ్ణి, విష్ణువును మనం క్యాలెండర్లలో నీలంగా చూసి అలవాటుపడ్డాం. ఇక్కడ ఆ అలవాటు అక్కర్లేదని రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మర్రాకు మీద పడుకున్న వటపత్రశాయి కళ్లు, మనం ఎటు జరిగితే అటు తిరిగినట్టుంటాయి. అది రంగుతో సాధించింది కాదు, కనుగుడ్డును ఎక్కడ పెట్టాలో తెలిసిన చేతి పని.

కళాచరిత్ర పుస్తకాల్లో ఒక మాట తరచుగా కనబడుతుంది. అజంతాతో, చోళుల తంజావూరు చిత్రాలతో పోలిస్తే లేపాక్షిలో కళ తగ్గుముఖం పట్టిందని, ఛాయలు లేవని, బొమ్మలు చదునుగా ఉన్నాయని. పాఠ్యపుస్తకాల దాకా ఈ తీర్పు వెళ్లింది. కప్పు కింద నిలబడి చూస్తే దీన్ని నేను ఒప్పుకోలేను. చూసేవాడు ఎక్కడున్నాడు? బొమ్మకు ఎన్నో అడుగుల కింద, తల వెనక్కి వాల్చి, నడుస్తూ ఉన్నాడు. వెలుగు ఎక్కడిది? ముంగిటి నేల మీద పడిన ఎండ ఎగసి వచ్చిన పలచని వెలుగు, రాత్రయితే నూనెదీపం. ఆ దూరంలో, ఆ వెలుగులో సన్నని ఛాయలు ఎవరికీ ఆనవు. ఆనేది గట్టి అంచు, స్పష్టమైన కన్ను, ఒంటి మీది బట్ట అల్లిక. లేపాక్షి చిత్రకారుడు ఈ మూడింటి మీదే తన విద్యంతా పెట్టాడు. ముఖాన్ని పక్కనుంచి చూపి ముక్కును, గడ్డాన్ని ఒకే గీతలో తేల్చాడు. కంటిని చెవి వైపు సాగదీశాడు. తన కప్పుకు, తన వెలుగుకు ఏది కావాలో అది చేసినవాణ్ణి అజంతా కొలబద్దతో కొలవడం న్యాయం కాదు.

బట్టల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. పార్వతి పెళ్లి పట్టీలో వరుసగా నిలబడ్డ ఆడవాళ్లను చూడండి. కొప్పులు వేరు, చీరలు వేరు. గళ్లు, చారలు, పూలు, హంసలు, చుక్కలు; ఒకామె చీర అంచు ఇంకొకామెకు లేదు. మగవాళ్లకు విజయనగర కొలువులో పెట్టుకునే పొడవాటి కుళ్లాయి టోపీలు. నేసిన బట్ట నాలుగైదు వందల ఏళ్లు మన్నడం అరుదు. ఆనాడు మన వైపు ఏం కట్టుకున్నారో తెలుసుకోవాలంటే బట్టల చరిత్ర చదివేవాళ్లకు ఈ కప్పే పెట్టె. 2019లో వచ్చిన 'లేపాక్షి' అనే ఇంగ్లిషు గ్రంథం మీద అన్నా దల్లాపికొలా, జార్జ్ మిషెల్, జాన్ ఫ్రిట్జ్‌లతో పాటు వస్త్రాల పరిశోధకురాలు బ్రిజిట్ ఖాన్ మజ్లిస్ కూడా పనిచేయడంలో ఆశ్చర్యం లేదు.

గర్భాలయం ముందరి మండపంలోకి పూజల వేళ చూసుకుని వెళ్లండి. పైన వీరభద్రుడు, 20 అడుగులకు మించిన పొడవున, ఒక్కడే కప్పంతా ఆక్రమించి ఉన్నాడు. పట్టీల్లో చిన్న చిన్న మనుషులను కూర్చిన బృందమే ఇక్కడ ఒక్క రూపాన్ని ఇంత పెంచింది. పెంచినా కొలతలు చెదరలేదు. దగ్గర్లోనే విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో విభూతి అందుకుంటూ కనబడతారు. కట్టించినవాళ్ల పేర్లు మనకు దక్కాయి. గీసినవాళ్ల పేర్లు దక్కలేదు, అది నాకు తీరని బాధ. ఇక్కడ ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి, గార మీద చెయ్యి ఆనించకండి. 2022లో ఈ గుడి, బసవన్న కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. కాపాడే పనిలో మాత్రం చూడవచ్చే మనకూ వాటా ఉంది.

సద్ది తిన్నాక తిరుగు ప్రయాణంలో రహదారి వదిలి ధర్మవరం వైపు మళ్లితే నిమ్మలకుంట. తోలుబొమ్మల పనితో బతికే కుటుంబాలున్న ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుగు దూరేంత పలచగా గీకి ఆరబెడతారు. దాని మీద రూపం గీసి, రంగులు అద్ది, నగల చోట చిన్న ఉలితో వందల చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే రవ్వలు, ముత్యాలు అవుతాయి. జావా బొమ్మ చాలావరకు నీడగానే కనబడుతుంది, దళసరి గేదెతోలు కాబట్టి. మన బొమ్మ రంగుతో వెలుగుతుంది, కొన్ని మనిషెత్తు ఉంటాయి, భుజం, మోచేయి, మెడ విడివిడిగా ఆడతాయి.

పొద్దున కప్పు మీద చూసిన ముఖాలు మీ కళ్లలో ఇంకా ఉండగానే ఈ రాముణ్ణి, ఈ సీతను చూడాలి. అదే పక్క ముఖం, అదే సాగిన కన్ను, అదే నల్లని అంచు, ఒళ్లంతా నిండిన బట్ట అల్లిక. ఈ పోలికను కళాచరిత్రకారులు కూడా గుర్తించారు. నాకు దీని కారణం ఒక్కటే అనిపిస్తుంది. కప్పు మీద గీసినవాడు, తోలుబొమ్మ చేసేవాడు, ఇద్దరి చూపరీ దూరంగానే ఉన్నాడు, ఇద్దరి వెలుగూ పలచనిదే. అందుకే ఒకరు గారలో నేర్చిన తెగువ, ఇంకొకరు తోలులో చూపించారు.

ఇప్పుడు ఆ ఇళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యేవి దీపాల గుండ్లు, గోడకు తగిలించే పలకలు. కొనండి, తప్పు లేదు, బతుకు వాటితోనే గడుస్తోంది. కానీ ఆడే బొమ్మను చూపించమని అడగండి. దీపానికి అడ్డంగా పట్టుకోమనండి. హనుమంతుడి తోక ఎన్ని ముక్కలో, ఏ ముక్కను ఏ బద్ద కదిలిస్తుందో అడగండి, ఓపిగ్గా చెబుతారు. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తే ముందుగా కబురు పెట్టి, తగిన సంభావన మాట్లాడుకుని, రాత్రి ఒక ఘట్టం ఆడించమని కోరవచ్చు. అలాంటప్పుడు ఆ రోజు రాప్తాడు తిరిగి రావాలన్న తొందర పెట్టుకోకండి, ధర్మవరంలో గది తీసుకోండి. మర్నాడు పొద్దున మగ్గాల దగ్గర పట్టుచీరల అంచులు చూసి, లేపాక్షి స్తంభాల అల్లికలు వాటిలో ఎన్ని దొరుకుతాయో పిల్లలతో వెతికించండి. బ్యాంకాక్ టికెట్లు ఆ తర్వాతి వారానికి వేసుకోండి.